ఇంట్లో చొరబడే ఎలుకలు, ఉడతలు: కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు

పూరిపాక కానివ్వండి, పట్టణంలో ఐదంతస్తుల అపార్టుమెంటు కానివ్వండి, పిలవకుండా వచ్చి కాపురం పెట్టే చుట్టం ఎలుక. బియ్యం బస్తాకు చిల్లు పెట్టడం, పెట్టెలో దాచుకున్న పట్టుచీర కొరకడం, పిల్లల పుస్తకాల మూలలు నమలడం మనందరికీ అనుభవమే. ఇంతవరకే అయితే నష్టమనుకొని సరిపెట్టుకోవచ్చు. కాని ఎలుక తెచ్చే జబ్బులు ఒకవైపు, ఎలుకను చంపాలని మనం కొని తెచ్చే విషం మరొకవైపు కుటుంబానికి ప్రాణాపాయం కలిగిస్తున్నాయి. ఈ రెండవ ప్రమాదాన్ని గూర్చి మన ఇళ్ళలో అంతగా మాట్లాడుకోము. అందుచేత రెండింటిని గూర్చీ ఇక్కడ వివరంగా చెప్పదలిచాము.

వచ్చినది ఎవరు?

ముందుగా చెవి పెట్టి వినండి. అటక మీద, వెంటిలేటరులో పగటిపూట చప్పుడు వినిపిస్తే అది సాధారణంగా ఉడత. ఉడత మనలాగే పగలు తిరిగి రాత్రి నిద్రపోతుంది. దీపాలార్పిన తరువాత గీకుడు, పరుగు వినిపిస్తే అది ఎలుక.

ఎలుకల్లోనూ తేడాలున్నాయి. దూలాల మీదా, తీగల మీదా అవలీలగా నడిచే ఇంటి ఎలుక తోక దాని ఒంటికంటె పొడవు. చిట్టెలుక చాలా చిన్నది, బీరువా వెనుకనో, పాత కాగితాల మధ్యనో గూడు పెడుతుంది. పందికొక్కు నేలలో బొరియ తవ్వి, పునాది పక్కన మట్టి కుప్ప పోస్తుంది. ఇంగ్లీషువారి 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుండే పుట్టింది. ఆ పేరే ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని వేరొక జంతువుకు స్థిరపడిపోయింది.

మూతి పొడవుగా ఉండి, గోడవారన కీచుమంటూ పోయే కంపువాసన జీవి చుంచు. చూడడానికి ఎలుకలా ఉన్నా అది ఎలుక జాతి కాదు. దాని ముఖ్యాహారం బొద్దింకలు, పురుగులు. కనుక చుంచు కనిపించిందంటే ఇంట్లో బొద్దింకలున్నాయేమో చూసుకోవాలి.

ఎందుకు వస్తాయి? ఎలా వస్తాయి?

తిండి, నీరు, దాగడానికి చోటు. ఈ మూడూ ఎక్కడ దొరికితే ఎలుక అక్కడ స్థిరపడుతుంది. ఎలుక గర్భం మూడు వారాలు మాత్రమే. ఈతకు ఆరేడు పిల్లలు సాధారణం. ఆ పిల్లలు రెండు మూడు నెలలకే ఈతకు వస్తాయి. "ఒక్కటే గదా" అని ఊరుకున్న ఇంట్లో సంవత్సరం తిరిగేసరికి ఎన్ని ఉంటాయో లెక్క వేసుకోండి.

ఎలుకకూ ఉడతకూ ముందు పళ్ళు బ్రతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే వాటికి తిండి తినడమే కష్టం. అందుకే ఆకలి లేకపోయినా చెక్క, ప్లాస్టిక్ గొట్టం, కరెంటు తీగ, దొరికినదల్లా కొరుకుతాయి. పైతొడుగు పోయిన తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకొనే ప్రమాదం ఉన్నది. ఫ్రిజ్ వెనుక, మోటారు పెట్టెలో, అటకమీది తీగలను అప్పుడప్పుడు చూసుకోవడం మంచిది.

చిట్టెలుక దూరడానికి పెన్సిలు పట్టేంత సందు, అంటే 6 మిల్లీమీటర్లు చాలు. పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్లు చాలు. తల పట్టిందంటే ఒళ్ళంతా దూరినట్టే. ఇంతటి సందు తలుపు కింద లేని ఇల్లు ఎక్కడున్నది?

ఎలుక తెచ్చే జబ్బులు

ఎలుకను తలుచుకోగానే గుర్తుకు వచ్చేది ప్లేగు. సమూయేలు మొదటి గ్రంథము ఆరవ అధ్యాయంలో ఫిలిష్తీయులు బంగారు గడ్డలనూ, బంగారు పందికొక్కులనూ చేయించి పంపిన సంగతి చదువరులకు తెలిసినదే. శరీరాలపై గడ్డలు, దేశాన్ని పాడుచేసిన పందికొక్కులు, ఈ రెండూ ఒకచోట చెప్పబడడం చూసి అది ప్లేగే కావచ్చునని కొందరు పండితులు తలంచారు. మన దేశంలో 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు లక్షల ప్రాణాలు తీసింది. ఎలుక ఒంటిమీది గోమారి ద్వారా ఈ జబ్బు వ్యాపిస్తుందని 1898లో కరాచీలో పరిశోధన చేసిన ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాండ్ చూపించాడు. 1994లో సూరత్‌లో ప్లేగు వార్త వినగానే లక్షలాది జనం ఊరు విడిచి పోయారు. ఈనాడు ప్లేగుకు మంచి మందులున్నాయి. అయినా ఒకేచోట ఎలుకలు వాటంతట అవే చచ్చి పడుతుంటే చేతితో ముట్టుకోక వెంటనే ఆరోగ్య సిబ్బందికి తెలియజేయాలి.

ఈనాడు మనకు ఎక్కువ దగ్గరగా ఉన్నది లెప్టోస్పైరోసిస్. దీనినే ఎలుక జ్వరం అంటారు. ఎలుక మూత్రం కలిసిన నీటిలో నడిచినప్పుడు కాలి పగుళ్ళ ద్వారా, గాయాల ద్వారా ఈ క్రిమి ఒంట్లోకి పోతుంది. వరినాట్లు వేసేవారు, కాలువలు బాగుచేసేవారు, వరదనీటిలో తిరిగేవారు జాగ్రత్తగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వీధులు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అటువంటి సమయంలో వట్టి కాళ్ళతో నడవకూడదు. నీటిలో తిరిగిన రెండు మూడు వారాల లోపల జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం ఉంటే నీటిలో నడిచిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. త్వరగా గుర్తిస్తే మామూలు మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇంకొక మాట. ఎలుక ఉన్నచోటికి దాన్ని వెతుక్కుంటూ పాము వస్తుంది. పల్లెల్లో ఎలుకల్ని దూరం పెట్టడం పాముకాటునుండి కూడ కాపుదల.

దారులు మూయడమే మొదటి మందు

ఎన్ని ఎలుకల్ని పట్టినా దారి తెరిచి ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి. కాబట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలను వెంటబెట్టుకొని ఇంటి చుట్టూ తిరగండి. పెన్సిలు పట్టే ప్రతి సందునూ గుర్తు పెట్టమని వారికి చెప్పండి. వారికి అది ఆటగా ఉంటుంది, మీకు పని జరుగుతుంది.

తలుపు అడుగున రేకు తగడు కొట్టించండి. వెంటిలేటర్లకు 6 మిల్లీమీటర్ల కన్నాల ఇనుప జాలి బిగించండి. ప్లాస్టిక్ దోమతెర ఎలుక పంటికి ఆగదు. తూములకు జాలి మూత ఉండాలి. గొట్టాలు గోడలోనికి పోయేచోట గిన్నెలు తోమే స్టీలు పీచు దట్టంగా కుక్కి, పైన సిమెంటు పూయండి. నేలలోని బొరియలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చడం మన పెద్దల నాటినుండి ఉన్న పద్ధతి. లోపల ఎలుక ఉండగా మూస్తే అది వేరేచోట తవ్వుకొని వస్తుంది గనుక, ముందు బొరియలో కాగితపు ఉండ పెట్టి చూడండి. రెండు రోజులు కదలకపోతే అప్పుడు పూడ్చండి.

ఇంటి కప్పుకు ఆనిన కొమ్మలను కనీసం ఒక మీటరు దూరం ఉండేలా నరికించండి. కొబ్బరిచెట్టు ఉంటే మనిషెత్తుకు పైన మూరెడు వెడల్పు రేకు చుట్టిస్తే ఎలుకలు ఎక్కలేవు. చెట్టు ఆకులు పక్క చెట్టుకు తగులుతుంటే మాత్రం రేకు వల్ల లాభం లేదు.

వంటగదిలో క్రమం

రాత్రి ఎంగిలి గిన్నెలు తొట్టిలో వదిలి పడుకోవడం ఎలుకకు విందు పిలుపు. అలసిన ఇల్లాలి ఒక్కదాని మీదే ఈ పని వేయకుండా ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తే పావుగంట పని. బియ్యం, పప్పులు, పిండి బిగుతు మూతగల స్టీలు డబ్బాల్లో ఉంచండి. బస్తాలను నేలమీద కాక, గోడకు జానెడు ఎడంగా చెక్కబల్ల మీద పెట్టండి. కుక్క తిని వదిలిన అన్నం, కోళ్ళకు చల్లిన నూకలు చీకటి పడకముందే ఎత్తివేయండి. ఎలుక రోజుకు తినేది గుప్పెడు గింజలకంటె తక్కువే. కాని రోజుకు నలభై దాకా పెంటికలు వేసి, మూత్రంతో పాడుచేసేది అంతకు ఎన్నో రెట్లు.

బోను పెట్టే విధానం

ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. బోను పెట్టిన మొదటి రాత్రే పడలేదని విసుగు చెందకండి. రెండు మూడు రాత్రులు బోనును బిగించకుండా లోపల ఎండుచేప ముక్క గాని, ఉల్లి పకోడి గాని, కాల్చిన కొబ్బరి గాని పెట్టి తిననివ్వండి. భయం తీరిన తరువాత బిగించండి. ఎలుక గోడను రాసుకుంటూ నడుస్తుంది గనుక బోనును గది మధ్యలో కాక గోడవారన పెట్టాలి. ఒక్క బోనుతో పది రోజులు పోరాడేకంటె నాలుగు బోనులు ఒకేసారి పెట్టడం మేలు.

జిగురు అట్టలు ఇప్పుడు దుకాణాల్లో విరివిగా దొరుకుతున్నాయి. వాటికి అంటుకున్న ప్రాణి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి గింజుకొని చస్తుంది. పిచ్చుకలు, బల్లులు, ఉడత పిల్లలు కూడ చిక్కుకుంటాయి. చంపవలసి వచ్చినా హింసించి చంపడం మనకు తగదు. పిల్లలు చూస్తుంటారని మరచిపోకూడదు.

విషంతో అతి జాగ్రత్త

ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని సామెత. విషం విషయంలో ఇది అక్షరాలా నిజమవుతున్నది.

ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టులో పసుపు భాస్వరం ఉంటుంది. చూడడానికి పళ్ళపేస్టులాగే ఉంటుంది. తెలియక దానితో పళ్ళు తోముకున్నవారు, బిస్కెట్టుకో రొట్టెకో పూసి పెట్టినది తిన్న చిన్నపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇది మోసపూరితమైన విషం. మొదటిరోజు వాంతులు, కడుపు మంట ఉండి, తరువాత ఒకటి రెండు రోజులు మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. ఇంటివారు "గండం గడిచింది" అనుకుంటారు. ఆ పిమ్మట కాలేయం పాడవుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఇటువంటి పేస్టును ఇంట్లోకి తేకపోవడమే మేలు.

నల్లని పొడిగా దొరికే జింకు ఫాస్ఫైడుకు కూడ విరుగుడు లేదు. ధాన్యం గోదాముల కోసం తయారైన అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు గాలిలోని తేమ తగిలితే చాలు, ప్రాణాంతకమైన వాయువును వదులుతాయి. వాటిని నివాస గృహంలో ఎన్నడూ వాడరాదు. 2024 నవంబరులో చెన్నై శివార్లలో ఎలుకల మందు పెట్టిన ఇంట్లో నిద్రించిన ఒక కుటుంబంలో ఇద్దరు పసిపిల్లలు మరణించారు. ఎవరిచేతనైనా మందు పెట్టించేటప్పుడు అది ఏ మందో, ఇంట్లో పడుకోవచ్చునో లేదో అడిగి తెలుసుకొనే హక్కు మీకున్నది.

బోనులు చాలక మందు తప్పనిసరి అయితే బ్రోమాడియోలోన్ బిళ్ళలు కొంత నయం. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ మందు పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. పొరపాటున మనిషి తిన్నా విటమిన్ కె విరుగుడుగా ఉన్నది. అలాగని ఇదీ నిరపాయకరం కాదు. పిల్లలకు, కుక్కలకు అందనిచోట, తాళం వేసే పెట్టెలో మాత్రమే పెట్టాలి. ఏ మందునూ తినుబండారాల డబ్బాలో గాని, మందుల అలమరాలో గాని దాచకూడదు. మిగిలినది దాచుకొనే అలవాటు అసలు వద్దు.

ఎవరైనా విషం తిన్నారని అనుమానం వచ్చినా లక్షణాలకోసం ఎదురుచూడవద్దు. వాంతి చేయించవద్దు. పాలు, నూనె, ఉప్పునీళ్ళు తాగించవద్దు. వెంటనే 108కు ఫోను చేసి, విషం డబ్బా గాని అట్ట గాని వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళండి. ఏ విషమో తెలిస్తేనే వైద్యుడు సరియైన చికిత్స మొదలుపెట్టగలడు.

ఉడత గూడు పెట్టినప్పుడు

ఉడతతో మన వ్యవహారం వేరు. అది తోటలో తిరిగినంతకాలం మనకు ఇబ్బంది లేదు. కొబ్బరి పీచు, దూది, దారప్పోగులు పోగుచేసి వెంటిలేటరులోనో, ఏసీ పెట్టె వెనుకనో గూడు కట్టి, తీగలు కొరికినప్పుడే చిక్కు. గూడు కనిపించగానే తీసి పారేయకండి. ముందు లోపల పిల్లలున్నాయేమో చూడండి. ఉడత గర్భం ఐదారు వారాలు, ఈతకు రెండు మూడు పిల్లలు. కళ్ళు తెరవని ఆ పిల్లలు తల్లి లేకపోతే బ్రతకవు. పుట్టిన రెండు నెలలకు అటూ ఇటూగా అవి పాలు మాని బయటకు తిరుగుతాయి. అంతవరకు ఓర్చుకొని, గూడు ఖాళీ అయిన తరువాత తీసివేసి అదేరోజు జాలి బిగించండి. పిల్లలు లోపల ఉండగా దారి మూస్తే తల్లి ఆ జాలినీ గోడనూ కొరికి మరింత నష్టం చేస్తుంది, పిల్లలు చచ్చి దుర్వాసన కొడుతుంది. ఇక్కడ దయ చూపడమే తెలివైన పని కూడ.

శుభ్రం చేసేటప్పుడు

ఎలుక పెంటికలను పొడిగా చీపురుతో ఊడ్వకండి. ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. చేతికి తొడుగు గాని ప్లాస్టిక్ సంచి గాని వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు నాననిచ్చి, గుడ్డతో తుడిచి పారవేయండి. చచ్చిన ఎలుకను వీధిలోకి విసరకుండా లోతుగా పూడ్చండి. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

చివరిగా ఒక మనవి. ఎలుకకు ప్రహరీగోడ లెక్కలేదు. మన ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా పక్కన ఖాళీ స్థలంలో చెత్త కుప్ప ఉంటే అవి మళ్ళీ వస్తాయి. కృష్ణా గోదావరి డెల్టాలలో రైతులు ఎలుకల నివారణకు ఊరంతా కలిసి ఒకేసారి పూనుకోవడం ఇందుకే. మనమూ వీధిలో నాలుగిళ్ళవారు మాట్లాడుకొని, చెత్త ఎత్తించడం, తూములకు మూతలు పెట్టించడం, ఒకే వారంలో అందరూ బోనులు పెట్టడం చేస్తే విషం అవసరమే రాదు. ఈ పని పక్కింటివారి తలుపు తట్టడంతో మొదలవుతుంది.