యంత్రమెంత దూరము చూడగలదు?

చదరంగమున మానవుని గెల్చిన యంత్రమునకు సర్వమును గోచరించునని పలువురు తలంచుచున్నారు. ఇది భ్రమయని మా యభిప్రాయము. ఇతర వ్యవహారములయందును యంత్రముల తీర్పును తలయొగ్గి స్వీకరించు నీ దినములలో ఈ భ్రమ తొలగుట యావశ్యకము.

అమెరికా గణితశాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో ప్రకటించిన వ్యాసమున నీ చిక్కును లెక్కగట్టి చూపెను. ఒక్కొక్క స్థితియందు వేయదగిన యెత్తులు సుమారు 30. కావున ఎత్తునకు పైయెత్తునకు గలిసి దాదాపు వేయి మార్గము లేర్పడును. ఇట్టి జతలు మూడు గడచునప్పటికి మార్గములు నూఱుకోట్లగును. ఆట తుదివఱకు వెదకుట యే యంత్రమునకును శక్యము గాదు.

కావున వేనిని విడిచిపెట్టవలయునో యెఱుగుటయే యిందలి ప్రధానవిద్య. ఒక యెత్తునకు ప్రతిపక్షికడ గట్టి జవాబొకటి యున్నదనియు, అంతకంటె మేలైన యెత్తు మనకు ముందే దొరకినదనియు తేలినచో, తక్కిన జవాబులను వెదకుట వృథాశ్రమ. ఆల్ఫా-బీటా యను పద్ధతి యిదియే. మంచి యెత్తులను ముందుగా పరిశీలించినచో, అంతే శ్రమతో దాదాపు రెట్టింపు లోతునకు పోవచ్చును.

అయినను ఎచ్చటనో యాగవలయును. ఎనిమిదవ యెత్తుకడ నాగిన యంత్రమునకు తొమ్మిదవ యెత్తున మంత్రి పోవుట కానరాదు. తప్పని నష్టమును చూపుమేర కావలికి నెట్టుటకై యది బంట్లను వ్యర్థముగా బలియిచ్చును. హాన్స్ బెర్లినర్ దీనిని దిగంతముతో పోల్చి పేరిడెను. వడ్డీని అసలులో గలిపి నోటు తిరుగవ్రాసిన గృహస్థునకు గడువు పెరిగినదే గాని ఋణము తీఱలేదు గదా! పావులను చంపుకొనుట ముగిసి స్థితి నెమ్మదించువఱకు వెదకుమని యంత్రమునకు నేర్పిరి. దోషము తగ్గినది గాని సమసిపోలేదు.

1997 మే నెలలో న్యూయార్కున ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ, సెకనునకు 20 కోట్ల స్థితులవఱకు పరిశీలించుచు, గ్యారీ కాస్పరోవును 3½–2½ తేడాతో నోడించెను. అది వేగముయొక్క విజయము. 2017లో ఆల్ఫాజీరో సెకనునకు సుమారు 80 వేల స్థితులు మాత్రమే చూచి, 7 కోట్లు చూచు స్టాక్‌ఫిష్‌ను గెల్చెను. ఆ పందెపు నిబంధనలపై నాక్షేపణలు రాకపోలేదు. అయినను తనతో దానే యాడి సంపాదించిన విలువకట్టు నేర్పు వేగపులోటును పూరించినదనుట నిర్వివాదము. 2020లో స్టాక్‌ఫిష్ సయితము తన వెదకుబలమునకు అట్టి నేర్పును జోడించుకొనెను.

కావున యంత్రము తీర్పు చెప్పినపుడు దాని వేగమును జూచి విస్తుపోవుట తగదు. అది దేనిని విడిచినదో, ఎచ్చట నాగినదో యడిగి తెలిసికొనుట వివేకవంతుల విధి.