ముక్క పరీక్ష చెప్పే మాట

గొంతు క్యాన్సర్ అనగానే మనకు గుర్తొచ్చే మనిషి ఒకాయన ఉంటాడు. చుట్టో బీడీయో ఏళ్ల తరబడి వదలని పెద్దాయన. గొంతు బొంగురుపోయి మూడు నెలలైనా "జలుబు చేసిందిలే" అంటూ మిరియాల కషాయంతో నెట్టుకొస్తుంటాడు. చివరికి డాక్టరు గొంతులోకి కెమెరా గొట్టం దింపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. ఆ ముక్క తెచ్చే కబురు దాదాపు ఎప్పుడూ ఒకటే. స్వరపేటిక క్యాన్సర్లలో నూటికి 95 స్క్వామస్ రకానివే. ఎంతో అరుదుగా, నూటికి ఒకటి కూడా లెక్కకు రానంత అరుదుగా, రిపోర్టులో వేరే పేరు వస్తుంది: స్మాల్ సెల్ కార్సినోమా. చిన్నకణ క్యాన్సర్ అన్నమాట. ఊపిరితిత్తుల డాక్టర్లకు బాగా పాత శత్రువే ఇది. స్వరపేటికలోనూ పుడుతుందని 1972లో ఒలొఫ్‌సన్, వాన్ నోస్ట్రాండ్ అనే ఇద్దరు వైద్యులు ఒక రోగి కేసు ఆధారంగా రాశాకే వైద్యలోకం దీన్ని విడిగా గుర్తించింది.

స్వరపేటిక క్యాన్సర్ చిత్రమైన జబ్బు, ఇందులో గొంతు బొంగురుపోవడమే నయమని చెప్పాలి. స్వరతంత్రుల మీద పుట్టిన గడ్డ చిన్నగా ఉండగానే మాట మార్చేసి తన ఉనికి చెప్పేస్తుంది. పైగా అక్కడ లింఫ్ నాళాలు తక్కువ కాబట్టి పాకడమూ ఆలస్యమే. స్మాల్ సెల్ మాత్రం ఎక్కువగా ఆ తంత్రులకు పైభాగంలో పుడుతుంది. అక్కడ లింఫ్ నాళాలు దండిగా ఉంటాయి. దాంతో ముద్ద మింగుడు పడకపోవడం, ఒకవైపు చెవిపోటు, మెడలో గడ్డ లాంటివి ముందు కనిపిస్తాయి. చెవిలో ఏమీ లేకపోయినా పోటు ఎందుకంటే, గొంతుకూ చెవికీ కొంతమేర ఒకే నాడి శాఖలు వెళతాయి. జబ్బు బయటపడే నాటికే మెడ గ్రంథులు దాటి కాలేయానికో ఎముకలకో చేరిన సందర్భాలూ ఉంటాయి.

మైక్రోస్కోపు కింద ఈ రెండు రకాలకూ పోలికే ఉండదు. స్క్వామస్ కణాలు పెద్దవి, గులాబీ రంగులో పలకల్లా పరుచుకుని ఉంటాయి. మధ్యమధ్య ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా చుట్టుకున్న గుండ్రాలు కనిపిస్తాయి. పాథాలజిస్టులు వాటిని కెరటిన్ ముత్యాలంటారు. స్మాల్ సెల్ స్లైడ్ పెట్టి చూస్తే ఆవాలు ఒలకబోసినట్టే ఉంటుంది. ముదురు నీలం కేంద్రకాలే తప్ప చుట్టూ కణద్రవ్యం దాదాపు కనిపించదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, అంచులు నొక్కుకుపోయి ఉంటాయి. ముక్క తీసేటప్పుడు పట్టకారు కాస్త గట్టిగా నొక్కినా నలిగి నీలిచారలైపోతాయి. అప్పుడు లింఫోమా అని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే సినాప్టోఫిసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 వంటి ప్రొటీన్లకు ప్రత్యేక రంగు పరీక్షలు చేస్తారు. అవి పలికితే ఆ కణాలకు నాడీకణాల, హార్మోన్ కణాల లక్షణాలు ఉన్నట్టు. ఈ క్యాన్సర్ కొందరిలో హార్మోన్లను ఊరకే విడుదల చేసి, రక్తంలో సోడియం పడిపోయేలా చేయడానికీ కారణం ఈ స్వభావమే.

అసలు చిక్కు మిశ్రమ రకంతో. ఒకే గడ్డలో ఒక మూల ఆవాలు, మరో మూల ముత్యాలు ఉంటాయి. కొన్నిటిలో గ్రంథి కణాల క్యాన్సరూ కలిసి ఉంటుంది. రెండు జబ్బులు పక్కపక్కన పుట్టాయనడం కన్నా, ఏ దారైనా పట్టగల ఒకే మూలకణం రెండు దారుల్లో చీలిందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. కారణం ఏదైనా, బయాప్సీ ముక్క బియ్యపు గింజంత. అది ముత్యాల వైపు నుంచి వస్తే ఆవాల సంగతి రిపోర్టులో రాదు. చూసినవాళ్ల తప్పు కాదది, చూడటానికి దొరికింది అంతే.

ఆ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, చికిత్స అక్కడే మారిపోతుంది. స్క్వామస్ అయితే దశను బట్టి ఆపరేషనో, రేడియేషనో (జనం మాటలో "కరెంటు పెట్టించడం"), ముదిరితే రెండూనో. స్మాల్ సెల్‌కు స్వరపేటిక మొత్తం తీసేసినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే చాలాసార్లు కణాలు అప్పటికే ఒంట్లో వేరే చోట్లకు పాకి ఉంటాయి. మాట పోగొట్టుకున్నా ప్రాణం దక్కదు. అందుకని సిస్ప్లాటిన్, ఎటోపొసైడ్ మందులతో కీమో, తోడుగా రేడియేషన్. ఈ రెండు మందుల పుట్టుక వింటే ముచ్చటేస్తుంది. బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1965లో బ్యాక్టీరియాకు నిజంగానే కరెంటు పెట్టి చూస్తుంటే, ప్లాటినం తీగల నుంచి కరిగిన పదార్థం వాటి విభజన ఆపేసింది. సిస్ప్లాటిన్ అలా వచ్చింది. ఎటోపొసైడ్‌కు ముడిసరుకు పోడోఫిల్లం మొక్కల వేరు, వాటిలో ఒకటి హిమాలయాల్లో పెరుగుతుంది. ఇన్ని మందులున్నా, పాత సమీక్షల ప్రకారం అయిదేళ్లు బతికినవాళ్లు నూటికి 5 మంది దగ్గరే ఆగారు. చికిత్స మొదలుపెట్టే ముందు ఛాతీ స్కాన్ తప్పనిసరి. గొంతులో కనిపించింది ఊపిరితిత్తుల నుంచి పాకినదేమో చూడాలి.

చికిత్స అంతా ముక్క పరీక్ష మీదే ఆధారపడుతుంది కాబట్టి, బయాప్సీ రిపోర్టు కాగితాన్ని ఫైల్లో భద్రంగా పెట్టుకుంటాం కదా. మైనంలో పొదిగిన అసలు ముక్కను, అంటే పారాఫిన్ బ్లాకును, స్లైడ్లను కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవచ్చు. రెండో అభిప్రాయానికి పెద్దాసుపత్రికి వెళితే కాగితంతో పాటు అవి కూడా పట్టుకెళ్లండి. ఆ మైనం ముక్కను ఏళ్ల తర్వాతైనా మళ్లీ పలచగా కోసి, కొత్త రంగులు వేసి చూడొచ్చు.