నీళ్లు తీశాక

దివిసీమలో పెద్దవాళ్లను వయసు అడిగితే అంకె కంటే ముందు ఉప్పెన వస్తుంది. ఉప్పెనప్పటికి చంకలో పిల్లనంటారు ఒకరు. ఉప్పెన వెళ్లిన ఏడాది పెళ్లయిందంటారు ఇంకొకరు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం అయిదు మీటర్లకు పైగా లేచి హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది ఊళ్ల మీదుగా మైళ్ల కొద్దీ లోపలికొచ్చింది. తాటిచెట్టు ఎక్కగలిగినవాళ్లలో కొందరు బతికారు. పసిపిల్లలు చెట్టెక్కలేరు, వాళ్లను ఎత్తుకున్న తల్లులూ ఎక్కలేరు. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలోనే 10 వేల దరిదాపు. ఊళ్లవాళ్ల లెక్క అంతకంటే ఎక్కువ.

సాయం రాకపోలేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరిసా వచ్చారు. విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు నైతిక బాధ్యత వహించి పదవి వదిలి, సొంత గడ్డ మీద సేవకు దిగారు. గంజి కేంద్రాలు, బట్టల మూటలు, కొత్త కాలనీలు అన్నీ వచ్చాయి. కానీ సాయం తెచ్చే లారీలకు నెలల లెక్క ఉంటుంది. అమ్మను పోగొట్టుకున్న ఆరేళ్ల పిల్లకు మాత్రం పదో తరగతి రావాలి, పెళ్లి కావాలి, పురుడు పోసుకోవాలి. వీటిలో ఏదీ సహాయక చర్యల పట్టికలో ఉండదు.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 నుంచి 1988 దాకా ఈ కృష్ణా డెల్టా ఎలా కోలుకుందో పరిశీలించి 1992లో పుస్తకం వేశాడు. అందులో తేలింది మన పాలేర్లకు ఎప్పటినుంచో తెలిసిందే. పొలం, పశువు, చేబదులిచ్చే చుట్టం ఉన్నవాడు త్వరగా లేచాడు. కూలి మీద బతికేవాడు ఇల్లు కట్టించి ఇచ్చినా అప్పులోనే మిగిలాడు. తండ్రి అప్పు తీరాలంటే ముందుగా బడి మానేది పిల్లలే కదా!

మనసు సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. 1999లో ఒడిశాను సూపర్ సైక్లోన్ ముంచేసింది. ఏడాది దాటాక అక్కడ 108 మంది కౌమారప్రాయపు విద్యార్థులను పరీక్షించారు. వాళ్లలో 26.9 శాతం మంది ఇంకా ఆ భయం నుంచి బయటపడలేదు. గాలి విసురుగా కొడితే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం. దీన్ని బయటివాళ్లు మొద్దుతనం అనుకుంటారు. రంగు పెన్సిళ్లు పంచి, బొమ్మలు వేయించి, ఫొటో దిగి వెళ్లే రెండు రోజుల శిబిరం దీనికేం చేస్తుంది? ఆ ఒడిశాలోనే నాకు నచ్చిన పని ఒకటి జరిగింది. అనాథలను దూరపు హాస్టళ్లకు పంపకుండా, తమ ఊళ్లోనే వితంతువులు, వృద్ధులతో కలిసి ఉండేలా మమతా గృహాలు పెట్టారు. పిల్లకు ఓ అమ్మమ్మ దొరికింది, అమ్మమ్మకు ఓ పిల్ల దొరికింది.

తమిళనాడులోని నాగపట్నం కథ కూడా అలాంటిదే. 2004 సునామీలో అందరినీ పోగొట్టుకున్న ఆడపిల్లలు అక్కడి ప్రభుత్వ గృహంలో పెరిగారు. అప్పటి కలెక్టర్ జె.రాధాకృష్ణన్ బదిలీలు అయినా వాళ్లను చూడటానికి వస్తూనే ఉన్నారు. తన చేతుల్లో పెరిగిన అమ్మాయి పెళ్లికి పెద్దగా నిలబడ్డారు. ఏ జీవోలోనూ రాయని పని అది.

మన తీరం కొంత నేర్చుకుంది. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే ఇదే కోస్తా మీదికొచ్చింది. ముందుగా లక్షల మందిని ఖాళీ చేయించడంతో మరణాలు వెయ్యి లోపే ఉన్నాయి. ఉప్పెన నేర్పిన పాఠమది.

తీరపు ఊరికి ఎప్పుడు వెళ్లినా తుపాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగడం నాకు అలవాటు. కొన్ని ఊళ్లలో బడిపిల్లలే పరుగెత్తుకెళ్లి తెస్తారు. కొన్నిచోట్ల నలుగురిని అడిగాక తెలుస్తుంది, తాళం ఎప్పుడో తుప్పుపట్టిపోయిందని.