చట్టం వయసు చూస్తుంది, బెల్టు ఎత్తు చూస్తుంది

కారులో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో చెప్పే చట్టం మన దేశంలో ఉందా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి సెక్షన్ చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టుగానీ, చైల్డ్ రిస్ట్రెయింట్ సిస్టమ్‌గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. నడపనిచ్చిన వాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఆ పొడుగాటి పేరు వెనకున్నది బిడ్డను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేకమైన కుర్చీ. దుకాణంలో చైల్డ్ సీటు అని అడిగితే ఇస్తారు.

చిక్కంతా చట్టం బెల్టునూ సీటునూ ఒకే గాటన కట్టడంలో ఉంది. దాని ప్రకారం మూడేళ్ల పిల్లకు పెద్దల బెల్టు పెట్టేసినా జరిమానా తప్పినట్టే. కానీ కారు బెల్టును పెద్దల ఒంటి కొలతలకు తయారుచేస్తారు. చిన్నపిల్లలకు అదే బెల్టు మెడ మీదుగా, పొత్తికడుపు మీదుగా పోతుంది. గుద్దుకున్నప్పుడు బరువు తుంటి ఎముక మీద పడాల్సింది పోయి మెత్తటి కడుపు మీద పడుతుంది. అందుకే చాలా దేశాలు వయసుతోపాటు ఎత్తునూ లెక్కలోకి తీసుకున్నాయి. బ్రిటన్‌లో 12 ఏళ్లు నిండేదాకా లేదా 135 సెంటీమీటర్లు వచ్చేదాకా ప్రత్యేక సీటు ఉండాలి. జర్మనీలో ఆ ఎత్తు 150 సెంటీమీటర్లు. అయిదేళ్ల పిల్లల ఎత్తు సగటున 110 సెంటీమీటర్లు. అంటే ఒకటో తరగతిలో చేరే పిల్లాడు పెద్దల బెల్టుకు సరిపోవడానికి ఇంకా కనీసం జానెడు పెరగాలి.

మన దగ్గరా ఈ దిశగా ఒక ప్రయత్నం జరిగింది. 2024 అక్టోబరులో కేరళ రవాణా శాఖ నాలుగేళ్లలోపు వాళ్లకు చైల్డ్ సీటు, అంతకన్నా పెద్దవాళ్లలో 135 సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్లకు బూస్టర్ తప్పనిసరి చేయబోతున్నట్టు ప్రకటించింది. బూస్టర్ అంటే బెల్టు సరైన చోట పడేలా పిల్లల్ని కాస్త పైకి లేపే ఎత్తుపీట. గొడవ మొదలవగానే మంత్రి వెనక్కి తగ్గారు. జరిమానాలుండవని, అవగాహన కల్పిస్తే చాలని తేల్చేశారు. కాబట్టి పోలీసులు ఆపి అడుగుతారేమోనన్న భయంతో సీటు కొనాల్సిన పరిస్థితి ఇప్పట్లో రాదనే నా అంచనా. కొనాలంటే కారణం వేరే ఉండాలి.

“తల్లి ఒడికి మించిన భద్రమైన చోటు ఎక్కడుంది?” ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. లెక్క కట్టి చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎదురుగా దేన్నో గుద్దుకున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతుందనుకుందాం. అంత తక్కువ వ్యవధిలో లోపలున్న మనిషిని ఆపాలంటే ఒంటి బరువుకు సగటున 14 రెట్ల బలం కావాలి. ఏడాది బిడ్డ బరువు 10 కిలోలైతే అమ్మ చేతులు 140 కిలోలను ఆపాలి. కిరాణా కొట్లో దొరికే 26 కిలోల బియ్యం బస్తాలు అయిదు ఒకేసారి చేతుల్లో వచ్చి పడ్డట్టు. అమ్మ ప్రేమకు కొదవ లేదు, కానీ ఆ బలం ఏ చేతులకూ ఉండదు. పోనీ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుడితే? అది మరీ ప్రమాదం. 60 కిలోల అమ్మ బరువు కూడా 14 రెట్లయి, బెల్టుకూ తనకూ మధ్య ఇరుక్కున్న బిడ్డ మీదే పడుతుంది.

“మేం ఊళ్లోనే తిరుగుతాం, ముప్పై దాటం” అనేవాళ్లకూ అదే లెక్క. 30 కిలోమీటర్ల వేగంలో ఆ బలం ఎనిమిదిన్నర రెట్లు. అంటే 85 కిలోలు, మూడు బస్తాల పైమాటే.

వెనక సీట్లో కూర్చుంటే ఏమీ కాదన్న నమ్మకమూ మనలో బలంగానే ఉంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో సీటు బెల్టు పెట్టుకోక 16,715 మంది చనిపోయారు. వాళ్లలో 8,331 మంది, అంటే దాదాపు సగం, స్టీరింగ్ పట్టనివాళ్లే.

ఇక ఏ సీటు, ఎటు తిప్పి? పుట్టినప్పుడు బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. పెద్దవాళ్లలో అది ఎనిమిదో వంతుకు దగ్గర. అంత పెద్ద తలను మోసే మెడ ఇంకా లేతగా ఉంటుంది. బిడ్డ ముఖం ముందుకు ఉంటే, కారు ఆగిన క్షణంలో పట్టీలు ఒంటిని ఆపుతాయి గానీ తల ముందుకు విసురుగా పోతుంది, మెడ సాగుతుంది. ముఖం వెనక్కి, అంటే కారు వెనక అద్దం వైపు ఉంటే తల, మెడ, వీపు మూడూ సీటు వీపులోకి ఒకేసారి ఒత్తుకుంటాయి. బలం ఒంటి నిండా పరుచుకుంటుంది. కాళ్లు ముడుచుకోవాల్సి వస్తోందని పెద్దవాళ్లు బాధపడుతుంటారు. ముడుచుకున్న కాళ్లకు పెద్ద ముప్పేమీ ఉండదు, చూసుకోవాల్సింది మెడను.

కొనేటప్పుడు సీటు మీద అతికించిన లేబుల్ చదవండి. ఆర్44 అని ఉంటే అది బరువు లెక్క: 13 కిలోల వరకు వెనక్కి తిప్పే సీటు, 9 నుంచి 18 కిలోల వరకు ముందుకు చూసేది, 15 నుంచి 36 కిలోల వరకు బూస్టర్. ఆర్129 కొత్త ప్రమాణం. అది ఎత్తును బట్టి నడుస్తుంది, కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డను వెనక్కే తిప్పి ఉంచమంటుంది. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్ 072. ఇవేవీ లేకుండా అందమైన దిండులా ఉండి నాలుగు పట్టీలతో అమ్ముడయ్యే సరుకును బొమ్మల దుకాణానికే వదిలేయండి.

సీటు కొనడంతో సగం పనే అయినట్టు. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కల్లో, సరిగ్గా వాడిన సీటు కారులో ఏడాదిలోపు బిడ్డల మరణాలను 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల వాళ్ల మరణాలను 54 శాతం తగ్గిస్తుంది. అదే సంస్థ అధ్యయనంలో 46 శాతం సీట్ల వాడకంలో ఏదో ఒక తప్పు కనిపించింది. సీట్ల వాడకం బాగా అలవాటైన దేశంలోనే దాదాపు సగం ఇళ్లలో పొరపాటు చేస్తున్నారంటే, బిగించేటప్పుడు మనం ఒక అరగంట కేటాయించాల్సిందే.

ముందు కారు వెనక సీటు కవరు సంగతి చూడండి. మన దగ్గర కారు ఇంటికొచ్చిన వారంలోపే లెదర్ కవర్లు వేయిస్తాం. కుట్టేవాళ్లు చాలాసార్లు బెల్టు బకిల్‌ను కవరు కిందికి తోసేస్తారు, ఐసోఫిక్స్ కడ్డీలనూ కప్పేస్తారు. ఐసోఫిక్స్ అంటే కారు చట్రానికే వెల్డింగ్ చేసిన రెండు ఇనుప కడ్డీలు. వాటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. సీటు వీపు, అడుగు కలిసే సందులో వేళ్లు దూర్చి తడిమితే చల్లగా తగులుతాయి. తగలకపోతే కవరు ఆ మేరకు కోయించండి. చైల్డ్ సీటు కొక్కేలు వాటికి తగిలించాక టక్కుమని శబ్దం రావాలి, రెండు వైపులా ఎర్ర గుర్తు పోయి పచ్చది కనిపించాలి. తర్వాత మూడో ఆధారం. కొన్నిటికి నేల మీద ఆనే ఊతకాలు ఉంటుంది, కొన్నిటికి టాప్ టెదర్, అంటే సీటు వీపు మీదుగా వెనక్కి లాగి కట్టే పట్టీ. దీన్ని బిగించడమే ఎక్కువమంది మరిచిపోతారు. అది లేకపోతే ఢీకొన్నప్పుడు సీటు పైభాగం ముందుకు ఊగి, తల ఎదుటి సీటును తాకే ప్రమాదముంది.

పాత కారులో ఐసోఫిక్స్ లేదా? దిగులక్కర్లేదు. కారు బెల్టుతో గట్టిగా కట్టిన సీటూ అంతే పనిచేస్తుంది, కాకపోతే ఒళ్లు వంచాలి. బెల్టును సీటు మీద గీసిన దారిలోంచి పోనిచ్చి, మోకాలితో సీటును కిందికి అదిమి, అదే సమయంలో బెల్టు లాగి బిగించండి. తర్వాత బెల్టు పోయిన చోట పట్టుకుని ఊపండి. అటూ ఇటూ అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ మొదటినుంచి. సీటు పైఅంచు పట్టుకుని ఊపితే కొంచెం కదలడం మామూలే.

ఇప్పుడు బిడ్డ వంతు. లోపలి పట్టీలు వెనక్కి తిప్పిన సీటులో భుజాలకు సమానంగా లేదా కాస్త దిగువ నుంచి రావాలి, ముందుకు చూసే సీటులో భుజాలకు సమానంగా లేదా కాస్త ఎగువ నుంచి. బిగించాక భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో గిల్లి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. స్వెటర్ మీద పట్టీలు వేయకూడదు, ఆ మందమంతా ఢీకొన్నప్పుడు అణిగిపోయి పట్టీ వదులవుతుంది. చలిగా ఉంటే పట్టీలు పెట్టాక పైన దుప్పటి కప్పండి.

వెనక్కి తిప్పిన సీటును ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా ఎప్పుడూ పెట్టొద్దు. 2022 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. ఆ సంచి రెప్పపాటులో విచ్చుకుని సరిగ్గా బిడ్డ తల వెనకున్న ప్లాస్టిక్‌ను కొడుతుంది.

“మా వాడు అందులో కూర్చోడండీ, ఏడుస్తాడు.” నిజమే, ఏడుస్తారు. పుట్టినప్పటినుంచీ అలవాటు చేసిన పిల్లలు తక్కువ ఏడుస్తారు. రెండేళ్లకు కొత్తగా మొదలుపెడితే కొన్నాళ్లు రాగాలు తప్పవు. ఇంట్లోనే సీటును హాల్లో పెట్టి బొమ్మలతో ఆడించి, తర్వాత కారులోకి మార్చడం కొందరికి కలిసొస్తుంది. ఎక్కువసేపు ఒకే భంగిమలో ఉంచడమూ మంచిది కాదు. రెండు గంటలకోసారి బయటికి తీయాలి, నెలల బిడ్డలనైతే ఇంకా ముందే. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో సూర్యాపేటలో టిఫినుకు ఎలాగూ ఆగుతాం కదా, పసివాళ్లుంటే నార్కట్‌పల్లి దగ్గర ఇంకోసారి ఆగండి.

ఖరీదు? పది వేలకు కొని నాలుగేళ్లు వాడారనుకుందాం. నెలకు రెండొందల చిల్లర పడుతుంది.

కారు లేనివాళ్ల సంగతికొస్తే, ద్విచక్ర వాహనాలకూ నిబంధన ఉంది. 2022 ఫిబ్రవరిలో వెలువడి ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లలోపు బిడ్డను వెనక ఎక్కించుకుంటే హార్నెస్, అంటే బిడ్డకు చొక్కాలా తొడిగి నడిపేవాళ్ల ఒంటికి కలిపే పట్టీలు, ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు సరిపడే హెల్మెట్ పెట్టాలి. వేగం 40 దాటకూడదు.

చివరగా అమెరికా నుంచి వచ్చే సీట్ల గురించి. అక్కడ ఆసుపత్రి నుంచి పసిబిడ్డను సీటులోనే ఇంటికి తీసుకెళ్తారు. అదే సీటు కొన్నేళ్లకు మన బంధువుల సూట్‌కేసులతోపాటు ఇక్కడికి వస్తుంది. అక్కడి కార్లలో బెల్టును పూర్తిగా బయటికి లాగి వదిలితే అది తాళం పడ్డట్టు బిగుసుకుంటుంది. మన కార్ల బెల్టుల్లో ఆ ఏర్పాటు సాధారణంగా ఉండదు, కుదుపు వస్తేనే పట్టుకుంటాయి. కాబట్టి సీటులోనే బెల్టును బిగించి ఉంచే క్లిప్పు ఉందో లేదో చూడాలి, లేకపోతే విడిగా లాకింగ్ క్లిప్ వాడాలి. గట్టి ప్రమాదానికి గురైన సీటైతే ఎంత బాగా కనిపించినా తీసుకోవద్దు. వాడకానికి గడువు కూడా ఉంటుంది, చాలావాటికి ఆరు నుంచి పదేళ్లు. ఆ తేదీ సీటు అడుగున లేబుల్ మీదో, ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసో ఉంటుంది. సామాన్లు సర్దుకునే ముందే తిరగేసి చూసి చెప్పమనండి.