పచ్చడి మెతుకులు తినేవాడికి పక్షవాతమా?

సార్వా నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో భీమవరం వైపు ఒక పల్లెకు వెళ్లాం. పేటలో ఆడవాళ్లంతా చేలల్లో వున్నారు. ఒక ఇంటి అరుగు మీద మాత్రం యాభై దాటిన మనిషి ఒకాయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి వుంది. మాట ముద్దగా వస్తోంది. మొన్న దాళ్వా దాకా ధాన్యం బస్తాలు మోసిన మనిషే. ఒక రోజు తెల్లవారుజామున లేవబోతే కాలు నిలవలేదు. అంతే, అరుగు మీద పడ్డాడు.

ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏవండీ, ఇది పెద్దోళ్ల జబ్బంటారు గదా! నేను నెయ్యి తిన్నానా, మాంసం తిన్నానా? పొద్దున చద్దన్నం, రాత్రికి పచ్చడి మెతుకులు. నాకెందుకొచ్చిందండీ?"

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. రక్తపోటు, షుగరు, గుండెపోటు, పక్షవాతం - ఇవి కూర్చుని తినేవాళ్లకు వచ్చే జబ్బులని, కష్టం చేసేవాడి దరికి రావని మన పల్లెల్లో ఇప్పటికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజం?

ఊళ్లు చెప్పిన లెక్క

దీనికి జవాబు మన గోదావరి పల్లెలే ఇచ్చాయి. 2003-04లో ఈ ప్రాంతంలోని 45 గ్రామాల్లో ఏడాది పొడుగునా జరిగిన ప్రతి చావుకూ కారణమేమిటో తెలుసుకునే ప్రయత్నం జరిగింది. హైదరాబాదు, ఢిల్లీ, ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరాల పరిశోధకులు కలిసి చేసిన పని అది. ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇంటికి వెళ్లి, ఆఖరి రోజుల్లో మనిషికి ఏమేమి బాధలున్నాయో ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చూసి డాక్టర్లు కారణం తేల్చారు.

ఆ ఊళ్లన్నింటిలో జనాభా సుమారు లక్షా ఎనభై వేలు. చావులు 1,354. వీటిలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. గుండెపోటుకు ఎంతమంది పోయారో, పక్షవాతానికి దాదాపు అంతమంది పోయారు. క్షయ, విరేచనాల వంటి అంటుజబ్బుల వాటా నూటికి 12. ప్రమాదాలు, ఆత్మహత్యలు వగైరా నూటికి 13. అంటే పల్లెటూరి మనిషిని చంపేది కలరా, జ్వరమే అన్న కాలం పోయింది. 2006లో ఈ లెక్క బయటపడేసరికే పోయింది.

అదే ప్రాంతంలో 20 గ్రామాల్లో ముప్ఫై ఏళ్లు దాటిన నాలుగున్నర వేల మందికి పైగా పరీక్షిస్తే నూటికి 13 మంది దాకా షుగరు తేలింది. అందులో సగం మందికి ఆ జబ్బు తమకుందనే తెలియదు! తెలియని జబ్బుకు మందు ఎవరు వేసుకుంటారు? ఏం మానుకుంటారు?

ధాన్యాగారంలో బెరిబెరి

తిండికీ జబ్బుకీ వున్న సంబంధం ఈ డెల్టాకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి విస్తరించింది, వెనకే బియ్యపు మరలు వచ్చాయి. అంతకు ముందు ఇంటింటా రోకళ్లతో దంచుకునే బియ్యంలో తవుడు పొర కొంతయినా మిగిలేది. మర ఆ పొరను పూర్తిగా లాగేసింది. తెల్లటి బియ్యం మనిషికి, తవుడు గేదెకు పోయాయి.

ఫలితం ఏమిటి? ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, నడవలేకపోవడం, గుండె ఆగిపోవడం దాని లక్షణాలు. తవుడులో వుండే బి-1 విటమిను అందకపోవడమే దీనికి మూలం. జావా దీవిలో ఐక్మన్ అనే డాక్టరు 1890 దశకంలోనే ఈ సంగతి కోళ్లలో చూశాడు. తెల్లబియ్యం మేసిన కోళ్లకు కాళ్లు పడిపోయాయి, దంపుడు బియ్యం పెడితే లేచి తిరిగాయి. తమిళ, మలయాళ దేశాల వాళ్లు ధాన్యాన్ని ఉడకబెట్టి ఆరబోసి మర పట్టిన ఉప్పుడు బియ్యం తిన్నారు. ఉడికినప్పుడు విటమిను గింజ లోపలికి దిగుతుంది కాబట్టి వాళ్లకు బెరిబెరి బెడద తక్కువ. మనం పచ్చిబియ్యం తిన్నాం, కాళ్లు పోగొట్టుకున్నాం.

ఈ జబ్బును శోధించడానికి 1918లో కూనూరులో ఒక్క గదిలో మెకారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా వుంది. దేశంలో పోషకాహార పరిశోధనకు పునాది వేసినది మన కంచంలోని అన్నమే!

ఈ పాత కథ ఎందుకు ఎత్తామంటే, బెరిబెరి వచ్చిన కూలివాడి తప్పు అందులో ఏమీ లేదు. ఏ బియ్యం దొరికితే అది తిన్నాడు. మర మారింది, తిండి మారింది, జబ్బు వచ్చింది. నేటి జబ్బులు కూడా చాలావరకు ఇదే దారిలో వస్తున్నాయి.

కంచంలో ఏముంది?

మన కూలి మనిషి కంచం చూడండి. నిండా అన్నం. పక్కన ఆవకాయో, గోంగూర పచ్చడో, ఒక ఎండుచేప ముక్కో. పలచటి చారు. పప్పు వారానికి ఎన్నిసార్లు? కూర ఎంత?

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అది పేదవాడి ఆకలి తీర్చింది, ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడే వాళ్లతో మేము ఏకీభవించం. కానీ ఆకలి తీరడం వేరు, ఒంటికి కావలసినవన్నీ అందడం వేరు. చవగ్గా దొరికేది బియ్యమే అయినప్పుడు కడుపు బియ్యంతోనే నిండుతుంది. దాళ్వాకు నీళ్లొచ్చిన చోట వరి మీద వరి వేశారు. మినుము, పెసర వంటి అపరాలు ఆ మేరకు చేల నుంచి పోయాయి. చేలో లేని పప్పు కొట్లో కొనాలి. చోళ్లు, గంటెలు మెట్టకు పరిమితమై, ఇప్పుడు పట్నం కొట్లలో ఖరీదు సరుకులయ్యాయి.

తెల్లన్నం కడుపులో పడ్డాక త్వరగా చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. దానితో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప వుంటే ఆ వేగం తగ్గుతుంది. ఒట్టి అన్నమే అయితే చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది. అది రోజూ, ఏళ్ల తరబడి జరిగితే దాన్ని అదుపుచేసే ఇన్సులిన్ చాలకుండా పోతుంది. భారత వైద్య పరిశోధన మండలి జరిపిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 2023 నాటికి దేశంలో షుగరు రోగులు పది కోట్లు దాటారు. అదే సర్వే 2025లో మరో సంగతి చెప్పింది. మనవాళ్ల శక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థాల నుంచే వస్తోంది. బియ్యం మాని గోధుమకో చిరుధాన్యానికో మారినంత మాత్రాన చాలదు, మొత్తం పిండిపదార్థం తగ్గి పప్పు, పాలు, గుడ్ల వంటివి పెరగాలి అని కూడా చెప్పింది. ఇది వంటింట్లో తేలే విషయమా, కూలి రేట్లలో తేలే విషయమా? పాఠకులే ఆలోచించాలి.

ఇక ఉప్పు. కూర లేనప్పుడు అన్నం గొంతు దిగాలంటే ఉప్పూ కారమే దిక్కు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి పల్లెలతో సహా జరిపిన సర్వేలో మనిషి రోజుకు సగటున తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాములు, అంటే ఒక చిన్న టీ చెంచాడు. ఎక్కువైన ఉప్పు ఒంట్లో నీటిని పట్టి వుంచుతుంది. రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి నాళం గట్టిపడి, ఏదో ఒకనాడు మెదడులో పూడుకుపోతుంది, లేదా పగులుతుంది. అదే పక్షవాతం. పచ్చడి మెతుకులు తిన్న మనిషి ప్రశ్నకు జవాబులో సగం ఆ పచ్చడిలోనే వుంది.

పని మారింది

"ఎండలో చెమటోడ్చేవాడికి ఉప్పు కావాలండి" అని చాలామంది అంటారు. నాగలి, కోత, నూర్పిడి అన్నీ చేత్తో చేసిన రోజుల్లో తిన్నదంతా ఒంట్లో కరిగేది. ఇవాళ ట్రాక్టరు దున్నుతోంది, మిషను కోస్తోంది. చేలు రొయ్యల చెరువులు, చేపల చెరువులైన చోట నాట్లూ లేవు, కోతలూ లేవు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా, మధ్య మధ్య టీ, బీడీ. పని దినాలు తగ్గాయి గాని తిండి పద్ధతి పాత కష్టానికి సరిపడినట్టే వుండిపోయింది. ఇది సోమరితనం కాదు. పని లాక్కున్నది యంత్రమూ, చెరువూ.

పొగాకు మనకు ఇంటి పంట. లంక పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. గోదావరి పల్లెల్లో ముసలమ్మలు సైతం చుట్ట కాల్చేవారు. పొగ రక్తనాళాలను బిగదీస్తుంది. ఉప్పు చేసే హానికి ఇది తోడవుతుంది. ఇక సాయంత్రమయ్యేసరికి బెల్టు షాపు. కూలి డబ్బు, ఒళ్లు రెండూ అక్కడే కరుగుతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడితే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. తాగుడు వల్ల వచ్చే జబ్బుల లెక్క అప్పటినుంచి మళ్లీ మన ఇళ్లే కడుతున్నాయి.

తల్లి కడుపులో మొదలు

మరొక సంగతి మన అంగన్‌వాడీ అక్కలు తప్పక తెలుసుకోవాలి. 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. పక్కనున్న మరికొన్ని పల్లెల్లో ఇంకా మొదలు కాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసుకు వచ్చాక పరీక్షించి చూశారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా వున్నారు. వాళ్లలో ఇన్సులిన్ కాస్త మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు కాస్త మెత్తగా వున్నాయి. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తేడా కొద్దిదే గాని దాని అర్థం పెద్దది. కడుపులో వుండగా ఆకలి చూసిన బిడ్డకు పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. నడుం వంచి నాట్లేసే గర్భిణికి ఇవ్వని గుడ్డుకూ పాలకూ ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ మూల్యం చెల్లిస్తాడు.

బిళ్ల ఎక్కడ తప్పింది?

అరుగు మీది మనిషిని మేము ఇంకొంచెం అడిగాం. రెండేళ్ల కిందటే వైద్య శిబిరంలో బి.పి. వుందని చెప్పారట. నెల రోజులు బిళ్లలు వేసుకున్నాడు. "తల తిరుగుడు తగ్గిపోయిందండి. ఇంకెందుకని మానేశాను" అన్నాడు. ఇంటావిడ అందుకుంది: "మందుల కోసం ఒక పూట పోతే కూలి పోద్ది బాబూ. వెళ్లినా వున్నాయో లేవో తెలీదు."

ఇక్కడే ప్రాణం పోతోంది. బి.పి. బిళ్ల జ్వరం బిళ్ల లాంటిది కాదు. బాధ లేదని మానేస్తే ఒత్తిడి లోపల లోపల పెరుగుతూనే వుంటుంది. పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తల చేత ఇంటింటా బి.పి. చూపించి ఆసుపత్రికి పంపే ప్రయత్నం జరిగింది. జబ్బు గలవాళ్లు దొరికారు, ఆసుపత్రికి వెళ్లినవాళ్లూ పెరిగారు. కానీ 2019లో వచ్చిన ఫలితాల్లో, బి.పి. అదుపులోకి వచ్చిన వాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జబ్బు గుర్తిస్తే సరిపోదు, ఆ తర్వాత డాక్టరూ మందూ నెలనెలా నిలకడగా అందాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు పెద్ద ఆపరేషన్లు అందాయి, మంచిదే. అయితే పడిపోయాక లక్షలు పెట్టే ప్రభుత్వం, పడిపోకుండా ఆపే బిళ్లను ఊరి దాకా తేవద్దా?

మనం చేయవలసింది

మన చేతిలో వున్నవి ముందు చేద్దాం. అన్నం ఉడికేటప్పుడు ఉప్పు వేయడం మానాలి. పచ్చడి, ఎండుచేప వేలితో నంజుకునేంతే చాలు. కాలవ గట్టున దొరికే పొన్నగంటి, పెరట్లో తోటకూర, బచ్చలి రోజూ కంచంలోకి రావాలి. ముప్ఫై దాటిన ప్రతివాళ్లూ ఏడాదికోసారి బి.పి., షుగరు చూపించుకోవాలి. బిళ్ల మొదలెడితే డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసర్లు, మంత్రాలు వద్దు. రక్తం గడ్డను కరిగించే మందు పనిచేసేది నాలుగున్నర గంటల లోపే. వెంటనే 108ని పిలవాలి.

మన చేతిలో లేనివి సంఘంగా అడుగుదాం. రేషన్ కొట్లో బియ్యంతో పాటు కుటుంబానికి సరిపడా కందిపప్పు, చోళ్లు ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు మందులకు ఏ నెలా కొరత వుండకూడదు, ఒకేసారి నెలకు సరిపడా ఇచ్చి, ఆశా అక్కల ద్వారా పేట దాకా చేర్చాలి. అంగన్‌వాడీల్లో గుడ్డు, పాలు కోత లేకుండా అందాలి. బెల్టు షాపులు మూయాలి. పప్పు, కూర కొనగలిగే కూలి, పని దినాలు కావాలి. కూలి రేట్ల పోరాటం ఆరోగ్య పోరాటం కూడా.

తిరిగి వస్తుంటే ఆ మనిషి ఎడమచేత్తో మా చెయ్యి పట్టుకున్నాడు. "మా వోడికి ముప్ఫై రెండండి. ఆడికీ చూపించమంటారా?" అన్నాడు. రేపే చూపించమన్నాం. ప్రతి పేటలో, ప్రతి సంఘం సమావేశంలో ఈ మాట వినపడాలి.