కుడంపులి సారంతో కొవ్వు కరుగుతుందా?

కేరళలో కొట్టాయం వైపు చేపల కూరలో పులుపు కోసం చింతపండు బదులు కుడంపులి వేస్తారు. గుమ్మడిలా గాళ్లు పడి ఉండే ఆ చిన్న కాయను కోసి, ఎండబెట్టి, పొగబెడితే నల్లగా, తోలులా సాగే ముక్కలవుతాయి. ఇదే కాయ సారం ఇప్పుడు ‘గార్సీనియా’ పేరుతో క్యాప్సూళ్లలో దొరుకుతోంది, బరువు తగ్గిస్తుందన్న హామీతో.

ఆ హామీ గాలిలోంచి పుట్టింది కాదు. కుడంపులిలోని ముఖ్యమైన ఆమ్లం హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లమని 1965లో మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు లూయిస్, నీలకంఠన్ తేల్చారు. ఆ తరవాత అమెరికాలో లోవెన్‌స్టీన్ బృందం దాని పనితీరు చూపింది. పిండిపదార్థం నుంచి వచ్చిన సిట్రేట్ అనే పదార్థాన్ని మన కణాల్లో ఒక ఎంజైము విడగొడుతుంది. ఆ ముక్కలతోనే కొవ్వు తయారవుతుంది. సిట్రేట్‌ను పోలి ఉండే ఈ ఆమ్లం ఎంజైముకు గట్టిగా అతుక్కుని పని ఆపేస్తుంది. దీన్ని ఇచ్చిన ఎలుకల్లో కొవ్వు తయారీ తగ్గింది, తిండీ తగ్గింది. ఎంత అందమైన ఆవిష్కరణ!

మనుషుల్లో మాత్రం లెక్క తప్పింది. 1998లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో 135 మంది అధిక బరువున్నవారు పాల్గొన్నారు. అందరికీ కేలరీలు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న ఆహారం. సగం మందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 12 వారాలకు సారం తీసుకున్నవారు సగటున 3.2 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు 4.1 కిలోలు. గణాంకాల ప్రకారం ఆ తేడాకు విలువ లేదు. తగ్గించింది తిండిలో వచ్చిన మార్పే.

ఎందుకిలా? మామూలు తిండి తినే మనిషి ఒంట్లో పిండిపదార్థం కొవ్వుగా మారేది తక్కువే. అలాగని అన్నం ఎక్కువైతే లావెక్కమా? ఎక్కుతాం. శరీరం అన్నం ఇచ్చిన గ్లూకోజును ముందు ఖర్చుపెట్టుకుని, దాంతోపాటు తిన్న నూనె, నెయ్యి దాచేస్తుంది. అలా దాచడానికి కుడంపులి అడ్డుకునే ఎంజైముతో పనే లేదు.

మొక్కల రసాయనాలకు శక్తి లేదని నేననడం లేదు. శక్తి ఉంది కాబట్టే జాగ్రత్త కావాలి. ఉదాహరణకు, గ్రీన్ టీ కాచుకుని తాగడం వేరు, దానిలోని కాటెకిన్లనే రసాయనాలను గాఢంగా మాత్రల్లో మింగడం వేరు. ఈజీసీజీ అనే కాటెకిన్‌ను మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. గార్సీనియా మాత్రలు వాడినవారిలోనూ కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కూరలో వేసిన రెండు ముక్కలకు ఈ భయం అక్కర్లేదు.

మాత్రలు వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి, ఆ సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ మందులు వాడుతున్నారని ఆయన అడిగినప్పుడు, మొక్కల మందే కదా అని దీన్ని వదిలేయకండి.