ఆ రీఛార్జి ఈ ఫోనుకు ఎందుకు చెల్లదు?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత ముమ్మిడివరంలో మా మదరసా వరండాలో కూర్చొని ఉండగా, మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొంటున్న ఒక పిల్లవాడి నానమ్మ వచ్చారు. ఆమె కుమారుడు కువైట్‌లో డ్రైవరు. అక్కడ శుక్రవారం సెలవు గనుక అతడు తల్లితో తీరికగా, ముఖం చూస్తూ మాట్లాడేది ఆ ఒక్క రోజే.

"మౌల్వీ గారూ, అన్‌లిమిటెడ్ అని చెప్పి ఎక్కువ డబ్బులు తీసుకున్నారండి. తీరా అబ్బాయి మొహం కనపడే వేళకి ఆగిపోతోందండి. ఇది న్యాయమేనా అండి?" అంటూ ఫోను నా చేతికిచ్చారు.

చూడగా, రీఛార్జి సక్రమంగానే పడింది. కాని ఆ అపరిమిత సౌకర్యం 5జీ ఫోనుకు, 5జీ సిగ్నల్ అందే చోట మాత్రమే వర్తిస్తుంది. ఆమెది 4జీ ఫోను. దానికి రోజువారీ పరిమితి యథాతథంగా ఉంది. ఉదయం మనవడు బొమ్మల వీడియోలు చూసేసరికి ఆ పరిమితి కాస్తా అయిపోతున్నది. అమ్మిన దుకాణదారు ఆమె ఫోను ఏదని అడగలేదు. అడగాలని ఆమెకూ తెలియదు.

నేను బోధించేది ఫిఖ్హ్; సెల్‌ఫోను విద్య కాదు. అయినా "న్యాయమేనా" అన్న ప్రశ్న నా వద్దకు వచ్చింది కాబట్టి, ముందు విషయం తెలుసుకొని ఆ తరువాతే జవాబు చెప్పాలనుకున్నాను.

సిమ్‌కార్డు ఏ ఫోనులో ఉన్నదో కంపెనీకి ఎలా తెలుస్తుంది? ప్రతి ఫోనుకు ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య ఉంటుంది. డయల్ చేసే చోట స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే అది తెరపై కనిపిస్తుంది. అందులో మొదటి 8 అంకెలు ఫోను ఏ తయారీదో, ఏ మోడలో తెలుపుతాయి. ఫోను టవరుతో కలిసినప్పుడు ఈ సంఖ్య కూడా కంపెనీకి చేరుతుంది. కనుక ఒక పథకాన్ని ఫలానా మోడలుకే పరిమితం చేయడం వారికి కష్టమేమీ కాదు.

ఇలా ముడిపెట్టడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదు. 2003 వర్షాకాలంలో రిలయన్స్ సంస్థ ముందుగా 501 రూపాయలు చెల్లిస్తే చాలునని ఫోన్లు పంచిన రోజులు నా ఈడు వారికి గుర్తుండే ఉంటాయి. ఆ ఫోన్లలో సిమ్‌కార్డు అంటూ విడిగా ఉండేది కాదు. నంబరు ఫోనులోనే ఇమిడి ఉండేది. కంపెనీ మారాలంటే ఫోను కూడా వదులుకోవాలి. 2017లో జియో ఫోను వచ్చింది. 1,500 రూపాయల డిపాజిట్టు, మూడేళ్ల తరువాత వాపసు, నెలకు 153 రూపాయల రీఛార్జి అని ప్రకటించారు. 2023 జూలైలో వచ్చిన జియో భారత్ ఫోను ధర అప్పట్లో 999 రూపాయలు. 28 రోజులకు 123 రూపాయలు కడితే కాల్స్‌తో పాటు 14 జీబీ డేటా. ఆ చౌక పథకం ఆ బటన్ల ఫోనుకే. ఆ సిమ్‌ను తీసి పెద్ద తెర ఫోనులో వేసుకొని అదే ధరకు వాడుకోవడం కుదరదు.

ఎందుకు కుదరదు? పుట్టెడు ధాన్యం కొన్నవాడు ఏ గాదెలో పోసుకుంటే అమ్మినవాడికేమిటి అని నాకూ మొదట తోచింది. జీబీ ఏ ఫోనులోనైనా జీబీయే కదా! ఆలోచించగా, ఇది కొలిచి అమ్మే ధాన్యం వంటిది కాదనీ, హోటలులో ఫుల్ మీల్స్ వంటిదనీ అర్థమైంది. ఎవరు ఎంత తింటారో సగటు చూసి హోటలు యజమాని ధర పెడతాడు. ఒకరు రెండుసార్లు వడ్డించుకుంటారు, మరొకరు సగంలో లేస్తారు. అందుకే ఒక భోజనం టికెట్టుతో ఇద్దరు పంచుకొని తింటామంటే ఒప్పుకోడు. చిన్న తెర ఫోనులో 14 జీబీ ఇచ్చినా చాలామంది అంతా వాడరన్న లెక్క మీదే ఆ చౌక ధర నిలిచి ఉంది. అదే పథకాన్ని పెద్ద ఫోన్లకు తెరిస్తే అందరూ దానికే మళ్లుతారు; ఆ ధర నిలవదు. దీనికి తోడు, ఫోనును తక్కువ ధరకు ఇచ్చిన కంపెనీ ఆ నష్టాన్ని రీఛార్జీలలో రాబట్టుకోవాలనుకుంటుంది.

ఇతర దేశాలలోనూ ఇదే తీరు. అమెరికాలో 2007లో ఐఫోను వచ్చినప్పుడు ఏటీ అండ్ టీ సంస్థ దానికి అపరిమిత డేటా పథకం ఇచ్చింది. 2010లో కొత్త వినియోగదారులకు దానిని ఆపివేసింది. మన దేశంలో ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న, చూసే విషయాన్ని బట్టి డేటా ధర మార్చరాదని నిషేధించింది. చూసే ఫోనును బట్టి మార్చడం ఆ నిషేధంలోకి రాదు.

ఇక షరీఅత్ దృష్టి. రీఛార్జి అంటే వస్తువును కొనడం కన్నా సేవను అద్దెకు తీసుకోవడానికి దగ్గరగా ఉంటుంది. దీనిని ఫిఖ్హ్ పరిభాషలో ఇజారా అంటారు. హిజ్రీ ఆరవ శతాబ్దికి చెందిన ఇమామ్ మర్గీనానీ (రహ్) రచించిన హిదాయాలో ఇజారా అధ్యాయం బోధిస్తున్నప్పుడు ప్రతి ఏటా ఒక మస్అలా వద్ద ఆగుతాను. గోధుమలు మోయించడానికి ఒక పశువును అద్దెకు తీసుకున్నవాడు, అంతే బరువు గల యవలు మోయించవచ్చు. ఉప్పునో ఇనుమునో మోయించరాదు. పశువుకు గోధుమల కన్నా అవి ఎక్కువ బాధ కలిగిస్తాయి. అలాగే ఫలానా మనిషి ఎక్కడానికని కుదుర్చుకున్న వాహనంపై మరొకరిని ఎక్కించరాదు. స్వారీ చేయడంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కాని ఇంటిని అద్దెకిస్తూ ఫలానా వాడే నివసించాలని షరతు పెడితే, ఆ షరతుకు బలం లేదు. ఎవరు నివసించినా ఇంటికి తేడా రాదు గనుక ఆ నిబంధన వల్ల ప్రయోజనం లేదు.

నా మట్టుకు నాకు జవాబు ఇక్కడే దొరికింది. నిబంధన వెనుక నిజమైన భారభేదం ఉన్నదా అన్నదే చూడాలి. బటన్ల ఫోను పథకం విషయంలో అటువంటి భేదం ఉంది. కనుక ఏవో కిటుకులతో ఐఎంఈఐ మార్చి ఆ చౌక పథకాన్ని పెద్ద ఫోనులో వాడుకొనే యువకులు గోధుమల పశువుపై ఇనుము వేస్తున్నవారే. అది ఒప్పందాన్ని ఉల్లంఘించడం. పైగా ఐఎంఈఐని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం.

అయితే ఆ ఫోనులో మరే కంపెనీ సిమ్ పనిచేయకుండా తాళం వేయడం వేరే సంగతి. డబ్బిచ్చి కొన్నవాడు దానికి యజమాని. ముందే చెప్పి, లోకంలో వాడుకగా మారిన షరతును హనఫీ ఫుఖహాలు అంగీకరించారు. చెప్పులు కొంటూ వాటికి వారు బిగించి ఇవ్వాలని కోరడం అటువంటిదే. కాబట్టి ధర్మవిరుద్ధమని అనలేను. కాని కంపెనీ తన నష్టాన్ని రాబట్టుకొన్న తరువాత కూడా ఆ తాళం తీయకపోవడం నా మనసుకు ఎక్కదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఫత్వా కాదు.

5జీ విషయంలో రెండు సంగతులు కలిసిపోయాయి. 4జీ ఫోను 5జీ తరంగాలను అందుకోలేదు. అది ఎవరో పెట్టిన షరతు కాదు, యంత్రం స్వభావం. కాని 2024 జూలై 3 నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న పథకాలకే పరిమితం చేశాయి. జియోలో అప్పుడు 28 రోజులకు రోజుకు 1.5 జీబీ పథకం 299 రూపాయలు, 2 జీబీ పథకం 349 రూపాయలు. ధర నిర్ణయించుకోవడం అమ్మేవాడి హక్కు. అందులో దోషం లేదు.

దోషం ఉన్నది అమ్మకంలో. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసినప్పుడు అడుగున తడి తగిలిన సంఘటన మనందరికీ తెలుసు. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసినదానిని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. 4జీ ఫోను చేతిలో ఉన్న వృద్ధురాలికి 'అన్‌లిమిటెడ్' అన్న ఒక్క మాట చెప్పి పంపడం, తడిసిన గింజలను అడుగున ఉంచడమే. మన సోదరులలో మొబైలు దుకాణాలు నడిపేవారు ఎందరో ఉన్నారు. కమీషను పది రూపాయలే కావచ్చు. ముందు ఫోను చూపించమని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

ఇంట్లో పెద్దలకు ఉపయోగపడే సంగతి మరొకటి ఉంది. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధనలు మార్చి, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా రీఛార్జి ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. ఇంటర్నెట్టు ముట్టని తాతగారి ఫోనుకు డేటా పథకం వేయించనక్కరలేదు. దుకాణంలో అడిగితేనే చెబుతారు గనుక అడగాలి. పథకంలో మోసం జరిగిందనిపిస్తే 198కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, దాని నంబరు రాసి ఉంచుకోవాలి.

ఆ నానమ్మగారు మరుసటి నెల తక్కువ ధర పథకానికి మారారు. శుక్రవారం కుమారునితో మాట్లాడేవరకు ఫోను మనవడికి ఇవ్వడం మానుకున్నారు. మొన్న మళ్లీ వచ్చి, "అబ్బాయి కువైట్ నుంచి 5జీ ఫోను పంపుతానంటున్నాడండి, అది ఇక్కడ పనిచేస్తుందాండి?" అని అడిగారు. కొనకముందే మోడలు పేరు పంపమని చెప్పాను. జియో 5జీ 4జీపై ఆధారపడకుండా నడుస్తుంది. ఎయిర్‌టెల్ మొదట 4జీ ఆసరాతో నడిపింది. అన్ని 5జీ ఫోన్లూ రెండింటికీ సరిపడవు. ఆ పేరు రాగానే మా దగ్గర చదివి ఇప్పుడు మొబైలు రిపేరు చేస్తున్న కుర్రవాడికి చూపించాలి.